డ్రైవరుగారి నడుం నొప్పి

ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. డ్రైవరుగారికి నడుం నొప్పి లేదు. ఏనాడూ లేదు. అయినా ఆ వీధిలో ఎవరిని కదిలించినా, "పాపం, బంగారంలాంటి ఉద్యోగం, ఆ మాయదారి నడుం నొప్పి వల్ల వదులుకున్నాడు" అనే చెబుతారు. ఆ లేని నొప్పికి జరిగిన వైద్యం ఇంతా అంతా కాదు. ఇల్లాలు నూనె వెచ్చచేసి మర్దన చేసింది. పక్కింటాయన తను వాడి మానేసిన బెల్టు తెచ్చి, దగ్గరుండి బిగించి మరీ వెళ్ళాడు. ఎదురింటి ముసలావిడ కనబడ్డప్పుడల్లా చెక్కబల్ల మీద పడుకోమని ప్రాణం తీసేది. మొహమాటం కొద్దీ ఆయన కొన్నాళ్ళు చెక్కబల్ల మీద పడుకున్నాడు కూడా. దాంతో నిజంగానే నడుం పట్టేసినంత పనయింది.

అసలు సంగతేమిటంటే, ఆయనకు భయం. బస్సంటే భయం. సగం జీవితం బస్సు స్టీరింగు ముందు గడిపిన మనిషికి బస్సంటే భయమేమిటని మీరు నవ్వుకోవచ్చు. ఆయనకూ మొదట్లో అలాగే అనిపించింది. కాకపోతే నవ్వు రాలేదు.

డ్రైవరుగా ఆయనకు మంచి పేరు. ఆయన బ్రేకు వేస్తే ఒళ్ళో నిద్రపోతున్న పసిపిల్ల కూడా కదిలేది కాదనేవారు. కూతురి చిన్నప్పుడు, సాయంత్రం ఆఖరి ట్రిప్పు ఇంటి వీధి మలుపు మీదుగా డిపోకి వెళ్ళేది. ఆ మలుపులో ఆయన ఒక్కగానొక్క కూతురు కాచుకుని ఉండి బస్సెక్కేది. సీట్లన్నీ ఖాళీగా ఉన్నా కూర్చునేది కాదు. తండ్రి సీటు వెనక కడ్డీ పట్టుకుని నిలబడి, మలుపు వచ్చిందంటే చాలు, "పాం పాం" అని నోటితో హారను కొట్టేది. ఆయన తన హారను మానేసి కూతురి హారనుకే బండి తిప్పేవాడు. ఇలాంటివి నిబంధనల్లో ఉండవు గానీ, కండక్టరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఆ పిల్ల ఎదిగాక ఒకరోజు పొద్దున, బస్సు కిక్కిరిసి ఉండగా, నది మీద వంతెన సగంలో ఆయన గుండె ఉన్నట్టుండి దడదడ కొట్టుకోవడం మొదలెట్టింది. వేళ్ళు మొద్దుబారాయి. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నారు. ఇక్కడే పోతున్నాను, నాతోపాటు వీళ్ళందరినీ తీసుకుపోతున్నాను అనుకున్నాడు. ఎలా ఆపాడో ఆయనకే తెలియదు, బండిని మెల్లగా పక్కకు తీసి ఆపి, దిగి, వంతెన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఎవరి మీదా ఈగైనా వాలలేదు. జనం చుట్టుముట్టి "ఏమైంది, ఏమైంది" అంటుంటే కండక్టరు అడ్డం నిలబడి, "నడుం పట్టేసింది, జరగండి, గాలి రానివ్వండి" అన్నాడు. అతను మంచితనం కొద్దీ అన్న మాటే అది. డ్రైవరుగారు దాన్ని పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు, ఇక వదల్లేదు.

ఆ రోజు నుంచి బస్సు నడపడం సరే, ఎక్కి కూర్చోవడం కూడా ఆయన వల్ల కాలేదు. తలుపు మూసుకునే చప్పుడు వింటే చాలు, ఒంట్లో నీరంతా చెమటై కారిపోయేది. ఎక్కడికైనా నడిచే వెళ్ళేవాడు. ఎవరైనా అడిగితే, "నడక నడుముకి మంచిదట" అనేవాడు. ఎంత బాధలో ఉన్నా అబద్ధానికి అబద్ధం అతికించడంలో మాత్రం ఆయన ఎక్కడా తడబడలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన గుండెను అన్ని రకాలుగా పరీక్షించి, "మీ గుండె గుండ్రాయిలా ఉంది. ఇది ఆందోళన. చాలామందికి వస్తుంది, సిగ్గుపడాల్సింది కాదు" అంది. మందులు రాసింది. వెళ్ళబోతుంటే, "మార్కెట్ వెనక వీధిలో పాత టైలరు కొట్టు ఒకటుంది. రోజూ కాసేపు వెళ్ళి కూర్చుని రండి" అని కూడా అంది. కొలతలు ఇవ్వడానికా అని అడగబోయి ఆగిపోయాడు డ్రైవరుగారు.

ఆ కొట్టు సంగతి చెప్పాలి. టైలరమ్మకు చూపు మందగించి సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యాక ఆవిడ బట్టలు తీసుకోవడం మానేసింది గానీ కొట్టు మూయలేదు. మూసి ఇంట్లో కూర్చుంటే కోడలితో పోట్లాడటం తప్ప ఇంకేం పనుంటుంది అని ఆవిడే చెప్పేది. ఒక మధ్యాహ్నం వీధిలో పోతున్న ఒక అమ్మాయి ఊపిరాడక ఆ గుమ్మంలో కూలబడింది. టైలరమ్మ లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ఓదార్చడం ఆవిడకు బొత్తిగా చేతకాదు. ఏం చెయ్యాలో తోచక, బట్టలు కత్తిరించే పొడుగాటి బల్ల మీదున్న బొత్తాల తొట్టి ముందుకు తోసి, "నాకు కళ్ళు ఆనడం లేదు, తెల్లవి కాస్త ఏరిపెట్టమ్మా" అంది. జీవితమంతా పోగేసిన బొత్తాలవి. ఆ అమ్మాయి ఏడుస్తూనే ఏరింది. ఏరుతూ ఏరుతూ ఏడుపు సంగతి మరిచిపోయింది. మర్నాడు తనే వచ్చింది. ఆ తర్వాత ఇంకెవరినో వెంటబెట్టుకొచ్చింది.

అలా అది భయాలున్నవాళ్ళ గది అయింది. ఆ అమ్మాయికి లిఫ్టంటే భయం, ఆఫీసేమో పై అంతస్తులో, అందుకని అందరూ లిఫ్టుపిల్ల అంటారు. ఫోను మోగితే ఉలిక్కిపడే లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నాడు. వస్తూ పోతూ ఉండేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ గదికి ఒక పద్ధతి ఉంది. గుమ్మంలోకి ఎవరొచ్చినా తలెత్తి చూడకూడదు. "ఏమైంది" అని అడగకూడదు, చెబితే మాత్రం వినాలి. వెళ్ళిపోవాలనిపిస్తే చెప్పకుండా లేచి వెళ్ళిపోవచ్చు. తలుపు మూసుకుపోకుండా పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒకటి అడ్డం పెట్టి ఉంటుంది, దాన్ని కదపకూడదు.

ఇవేవీ తెలియని డ్రైవరుగారు మొదటిరోజు గుమ్మంలో నిలబడి దగ్గాడు. ఎవరూ తలెత్తలేదు. మళ్ళీ దగ్గాడు. ఊహూఁ. ఇంటికొచ్చిన మనిషిని పలకరించే దిక్కు లేదా అని ఒళ్ళు మండి వెనక్కి తిరగబోతుంటే, బల్ల మీద ఒక గుప్పెడు బొత్తాలు ఆయన వైపుకు జరిగాయి. "రెండు కన్నాలవి ఒకవైపు, నాలుగు కన్నాలవి ఒకవైపు పెడతారా" అంది టైలరమ్మ, బొత్తాలతోనే మాట్లాడుతున్నట్టు. ఇదేం చోద్యం అనుకుంటూనే కూర్చున్నాడు. లేచేసరికి సాయంత్రమైంది. ఆ మధ్యాహ్నమంతా గుండె ఒకటుందనే ఆయనకు గుర్తు రాలేదు. ఇంటికి వెళ్ళేదాకా ఆ సంతోషం ఆయన మొహంలో అలాగే ఉంది. భార్య చూసి, "ఈరోజు నడుం తేలికైనట్టుందే" అంది.

పని విషయంలో డ్రైవరుగారు నిక్కచ్చి మనిషి. ఇంతమంది ఇన్నాళ్ళుగా ఏరుతున్నా బొత్తాలు ఒక కొలిక్కి రాకపోవడం ఆయనకు నచ్చలేదు. పొద్దున వస్తే తొట్టి మళ్ళీ కలగాపులగంగా ఉండేది. ఎవరికీ బాధ్యత లేదని మనసులో తిట్టుకునేవాడు. ఒకసారి టైలరమ్మ కొట్టు మూసి, చెల్లెలి ఊరికి వెళ్తూ తాళంచెవి ఆయన చేతికిచ్చింది. ఇంకేం, దొరికింది సందు. ఇంట్లో ఖాళీ సీసాలన్నీ మోసుకొచ్చి, ఆవిడ తిరిగొచ్చేలోగా రాత్రింబవళ్ళు మరిచి బొత్తాలన్నీ రంగు, సైజు, కన్నాల లెక్కన ఏరి సీసాల్లో పోసి, సీసా సీసాకూ చీటీ అంటించి, అలమరలో వరసగా నిలబెట్టాడు. ఆఖరికి తొట్టి కూడా కడిగి బోర్లించాడు.

టైలరమ్మ వచ్చిన పొద్దున అందరూ ఎప్పటిలాగే వచ్చారు. లిఫ్టుపిల్ల ఖాళీ బల్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. మాస్టారి మోకాలు దానంతటదే ఊగుతోంది.

"ఇప్పుడు మేమేం చెయ్యాలండీ?" అని అడిగింది లిఫ్టుపిల్ల.

"ఏం చెయ్యక్కర్లేదమ్మా. అంతా అయిపోయింది" అన్నాడు డ్రైవరుగారు, ఛాతీ ఉబ్బించి.

టైలరమ్మ అలమర ముందు నిలబడి ఒక్కో సీసా తడిమి చూసింది. "ఎంత ముచ్చటగా సర్దారండీ" అంది మనస్ఫూర్తిగా. తర్వాత తొట్టి తిప్పి, మొదటి సీసా మూత తీసి అందులో గుమ్మరించింది. రెండోది గుమ్మరించింది. ఝల్లుఝల్లుమని బొత్తాలు పడుతూనే ఉన్నాయి. అన్నీ పోశాక ఆవిడ మోచేతిదాకా చెయ్యి పెట్టి బాగా కలిపింది.

"ఎంత కష్టపడ్డానండీ" అన్నాడు డ్రైవరుగారు.

"అవును మరి. రేపు కూడా ఉండాలిగా" అంది ఆవిడ. "రోజూ సాయంత్రం అందరూ వెళ్ళాక కలిపేది నేనేనండీ."

ముందు లిఫ్టుపిల్ల పక్కుమంది. తర్వాత మాస్టారు. ఆ గదిలో అంత పెద్ద నవ్వు అంతకుముందు ఎవరూ వినలేదు. డ్రైవరుగారికి రోషం వచ్చి విసవిసా వెళ్ళిపోయాడు. రెండురోజులు ఇంట్లో అలిగి కూర్చున్నాడు. ఎందుకు అలిగాడో భార్యకు చెప్పలేడు, చెబితే గది సంగతి చెప్పాలి. మూడోరోజు సిగ్గుపడుతూ గుమ్మంలోకి వచ్చాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. ఆ మర్యాద ఎంత గొప్పదో ఆయనకు అప్పుడు తెలిసింది.

ఇలా రోజులు హాయిగానే గడుస్తుండగా, ఒక సాయంత్రం కూతురు ఖాకీ చొక్కా వేసుకుని ఇంటికొచ్చింది. పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది, పరీక్షలు నెగ్గింది, తండ్రి పనిచేసిన డిపోలోనే డ్రైవరుగా చేరింది. ఆ చొక్కాలో కూతుర్ని చూసి డ్రైవరుగారికి ఆనందం పట్టలేకపోయింది.

"నాన్నా, సోమవారం నా మొదటి ట్రిప్పు. నీ పాత రూటే. నువ్వు ముందు సీట్లో కూర్చోవాలి" అంది.

ఆయన ఆనందమంతా ఎక్కడికక్కడ ఆవిరైపోయింది. "నడుం..." అన్నాడు.

"మెల్లగానే నడుపుతాను నాన్నా. గుంతలన్నీ నాకు తెలుసు."

"చూద్దాంలేమ్మా" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు అక్కడే ఉండిపోతే బాగుండేది. నీళ్ళ కోసం వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. లోపల కూతురు తల్లితో అంటోంది. "నాన్నకి ఇష్టం లేదమ్మా. శిక్షణలో ఉండగా ఒక్కసారైనా చూడ్డానికి రాలేదు. ఆడపిల్ల బస్సు నడుపుతోందంటే నామోషీగా ఉన్నట్టుంది. నడుం నొప్పి అని తప్పించుకుంటున్నాడు."

ఆ మాట ఆయన గుండెల్లో కలుక్కుమంది. కూతుర్ని తలుచుకుని రోజూ మురిసిపోయే మనిషి. ఆ పిల్లేమో తనని చూసి సిగ్గుపడుతున్నాడనుకుంటోంది. ఆ అపోహ తీరాలంటే రెండే దారులు, బస్సైనా ఎక్కాలి, నిజమైనా చెప్పాలి. రెండూ ఆయన వల్ల అయ్యేట్టు లేవు. సోమవారం దాటిపోతే ఆ పిల్ల మనసులో ఆ ముల్లు అలాగే ఉండిపోతుంది.

మర్నాడు గదిలో, తల వంచుకుని బొత్తాలు ఏరుతూనే, మొట్టమొదటిసారి అంతా చెప్పేశాడు. వంతెన, కండక్టరు, బెల్టు, చెక్కబల్ల, ఖాకీ చొక్కా. ఎవరూ మధ్యలో మాట్లాడలేదు. చెక్కబల్ల దగ్గర మాత్రం మాస్టారికి దగ్గొచ్చినట్టుంది.

"అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పరాదూ" అంది టైలరమ్మ.

"ఏమని చెప్పనండీ? మీ నాన్న బస్సుకి జడిసి పారిపోయిన డ్రైవరు అనా? ఈ భయం పూర్తిగా పోనివ్వండి. పోయాక ఎక్కుతాను."

"బొత్తాలు సీసాల్లో సర్దినట్టా?" అంది లిఫ్టుపిల్ల, నెమ్మదిగా.

డ్రైవరుగారి చేతిలో బొత్తాం చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ఆయనే నవ్వేశాడు. "భలే దెబ్బ కొట్టావమ్మా" అన్నాడు.

ఆ వారమంతా లిఫ్టుపిల్ల ఆయన్ని బస్టాండుకు తీసుకెళ్ళింది. ఒకరోజు బస్సును ముట్టుకుని వచ్చారు. ఒకరోజు మెట్టెక్కి దిగారు. "ఎక్కుతారా, ఫొటో దిగుతారా?" అని ఎవరో కండక్టరు విసుక్కున్నాడు కూడా. ఆదివారం ఒక బస్సులో కూర్చోగలిగాడు, తలుపు మూసుకోబోతుండగా దూకేశాడు. దానికి ప్రతిగా ఆయన ఆ పిల్లతో ఆమె ఆఫీసుకు వెళ్ళి లిఫ్టు ముందు నిలబడ్డాడు. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, ఇద్దరూ మర్యాదగా మెట్లెక్కారు. టైలరమ్మ మాత్రం ఆదివారం సాయంత్రం ఒక గుప్పెడు బొత్తాలు ఆయన జేబులో పోసి, "ఉంచుకోండి" అంది.

సోమవారం పొద్దున భార్యాభర్తలిద్దరూ బస్టాండుకు నడిచి వచ్చారు. స్టీరింగు ముందు కూతురు. తండ్రిని చూడగానే పిల్ల మొహం విచ్చుకుంది. "వచ్చావా నాన్నా. సీటు గట్టిగా ఉంటుందని నీ నడుముకి దిండు పెట్టాను చూడు."

ముందు సీట్లో చిన్న పూల గలీబు దిండు ఉంది. ఆ దిండు చూసి ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళ అబద్ధం అంతా ఆ దిండు మీదే కూర్చున్నట్టుంది. దాన్ని పక్కకు పెట్టలేక, దాని మీదే కూర్చున్నాడు. వెనక సీట్లలో లిఫ్టుపిల్ల, మాస్టారు, వాళ్ళ మధ్య టైలరమ్మ. ఎవరూ తలెత్తలేదు.

కండక్టరు విజిల్ వేశాడు. తలుపు మూసుకుంది. ఇక చూడండి, గుండె దడ, చెమటలు, వేళ్ళ తిమ్మిరి, పాత చుట్టాలన్నీ ఒక్కసారిగా దిగాయి. దిగిపోదామని సగం లేచాడు. అప్పుడు తోచిందాయనకు, బస్సు కదలడం లేదని. విజిల్ మళ్ళీ పడింది. బస్సు కదల్లేదు. జనం గొణుగుతున్నారు. ఆయన స్టీరింగు పైనున్న అద్దంలోకి చూశాడు. కూతురి పెదాలు తెల్లబడ్డాయి, కళ్ళు రెప్ప వెయ్యడం లేదు, చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. ఆ మొహం ఆయనకు బాగా తెలుసు. గడ్డం గీసుకునే అద్దంలో ఎన్ని పొద్దులు చూశాడో.

ఎలా లేచాడో, ఎలా వెళ్ళాడో, కూతురి పక్కన నిలబడ్డాడు. ఏమైందని అడగలేదు. జేబులోంచి బొత్తాలు తీసి స్టీరింగు పక్కనున్న పళ్ళెంలాంటి గుంటలో పోశాడు.

"నాకు కళ్ళు ఆనడం లేదు. తెల్లవి కాస్త ఏరిపెట్టమ్మా" అన్నాడు.

"ఇప్పుడా నాన్నా?"

"ఇప్పుడే."

ఆ పిల్ల తండ్రిని వింతగా చూసింది. ఒక చెయ్యి స్టీరింగు వదిలింది. ఒక తెల్ల బొత్తాం తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి. "చేతులు రావడం లేదు నాన్నా. ఊపిరి అందడం లేదు. నాకేదో అవుతోంది" అంది గుసగుసగా.

"ఏమీ కాదు. ఆ రోజు వంతెన మీద నాకొచ్చిందీ ఇదే. నాకు నడుం నొప్పి ఎప్పుడూ లేదమ్మా. భయం. బస్సెక్కాలంటే భయం, అందుకే నీ దగ్గరికి రాలేదు. నువ్వు బండి నడుపుతుంటే నాకు నామోషీ ఏమిటే పిచ్చిదానా? నిన్ను ఆ చొక్కాలో చూసి సంతోషంతో రెండు రాత్రులు నిద్రపోలేదు."

కూతురు ఏరుతూనే ఉంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఏరింది. నాలుగు కన్నాలవి కూడా తనంతట తానే వేరు పెట్టింది.

"ఏమైందండీ ముందు?" అని ఎవరో గట్టిగా అడిగారు.

"ఏమీ కాలేదు. బొత్తాలు ఏరుతున్నారు, కాస్త ఆగండి" అంది డ్రైవరుగారి భార్య, అది ప్రతి బస్సులోనూ జరిగేదే అన్నంత తాపీగా.

కాసేపటికి కూతురు గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. తాళం తిప్పింది. బస్సు మెత్తగా కదిలింది. "కూర్చో నాన్నా" అంది.

"ఫరవాలేదు" అని ఆయన వెళ్ళి సీటు వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది. కొట్టుకోనీ అనుకున్నాడు. మార్కెట్ దాటింది, డిపో దాటింది. వంతెన వచ్చింది. తను కూలబడ్డ గోడ కనబడింది, వెనక్కి పోయింది. వంతెన చివరి మలుపు రాగానే, ఎదిగిన కూతురి తండ్రినన్న ఆలోచన కూడా లేకుండా, "పాం పాం" అన్నాడు.

బస్సంతా అటు చూసింది. కూతురు అద్దంలో తండ్రిని చూసి, అసలు హారను ముట్టుకోకుండా మలుపు తిప్పింది. కండక్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆఖరి స్టాపులో అందరూ దిగారు. భార్య దిండు చంకన పెట్టుకుంది. "దీన్ని తేవద్దని పిల్లకి చెప్పాననుకోండి. వినలేదు. మంచం కిందకి దొర్లిన చెప్పు కోసం ఒంటికాలి మీద వంగే మనిషికి నడుం నొప్పేమిటి?" అంది.

"నీకు తెలుసా?" అన్నాడు డ్రైవరుగారు, నిర్ఘాంతపోయి.

"మీరు చెబుతారని చూశాను. అంతదాకా నూనె రాశాను" అంది ఆవిడ.

కూతురు కిందికి దిగి, దోసిట్లో బొత్తాలు తెచ్చింది. తెల్లవి ఒక పక్క, రంగువి ఒక పక్క, చెదరకుండా పట్టుకొచ్చింది. "తీసుకో నాన్నా. అన్నీ వేరు చేశాను."

డ్రైవరుగారు దోసిలి పట్టి అందుకుని, అన్నిటినీ కలిపి ఒకే జేబులో పోసుకుని, పైనుంచి చెయ్యి పెట్టి బాగా కలిపాడు.

"అదేమిటి, అంత కష్టపడి ఏరితే?"

"తిరుగు ట్రిప్పు ఉందిగా" అని ఆయన మళ్ళీ బస్సెక్కాడు.